ఊళ్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల కోసం హాలు కట్టబోతున్నాం. అంతకన్నా ముందు చేయాల్సింది ఏమైనా ఉందా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పంచాయతీ. హైస్కూలు పూర్వ విద్యార్థులం కలిసి చందాలు పోగుచేశాం. ఊళ్లో చాలా ఇళ్లలో ఇప్పుడు మిగిలింది ఇద్దరు ముసలివాళ్లు, లేదా ఒక్కరే. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్. డబ్బుకు అంత ఇబ్బంది లేదు. కౌలు వస్తుంది, పిల్లలు పంపుతారు, అర్హులకు 4,000 పింఛను ఒకటో తారీఖున గుమ్మంలోకే వస్తోంది. అయినా నిద్ర లేదని, అన్నం సయించట్లేదని, ఒంట్లో సత్తువ లేదని మాటిమాటికీ ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి గ్లూకోజు ఎక్కించుకుంటున్నారు.

కమిటీలో మూడు మాటలు నడుస్తున్నాయి. టీవీ, క్యారమ్స్‌తో ఒక హాలు కట్టడం ఒకటి. నెలకోసారి ప్రవచనం, యోగా పెట్టించడం రెండోది. ఒంటరిగా ఉన్నవాళ్ల ఇళ్లలో కెమెరాలు బిగించడం మూడోది. నా ప్రశ్నలు: వీటిలో దేనితో మొదలుపెట్టాలి? పిల్లల మీద బెంగ ఎవరిదో, వైద్యం కావలసిన జబ్బు ఎవరిదో ఎలా తెలుస్తుంది? శిక్షణ లేని మా కుర్రాళ్లు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

సాలోచన:

గోదారిగట్టు గారూ, హాలు పని ఆపండి. రద్దు చేయమనడం లేదు, ముందు ఎవరికి ఏం తక్కువైందో తెలుసుకోండి.

ఇంట్లో ఒక్కరే ఉండటం వేరు, మనుషులతో రాకపోకలు లేకపోవడం వేరు, తోడు లేదన్న బాధ వేరు. ఒక్కతే ఉంటూ రోజూ నలుగురితో మాట్లాడే పెద్దావిడ బాగానే ఉండొచ్చు. కొడుకూ కోడలూ మనవలూ ఉన్న ఇంట్లో వసారా మంచం మీద పడుకున్న పెద్దాయనతో పొద్దుటినుంచి ఎవరూ మాట్లాడి ఉండకపోవచ్చు. మీ జాబితా "ఒంటరి ఇళ్ల"తో మొదలైతే ఆయన అందులోకి రాడు. అరవై దాటిన వాళ్లున్న ప్రతి ఇంటికీ వెళ్లండి.

అడగాల్సినవి తక్కువే. తోడు ఎవరూ లేరనిపిస్తుందా? మిమ్మల్ని పక్కన పెట్టేశారనిపిస్తుందా? అందరికీ దూరమైపోయినట్టుంటుందా? ఎప్పుడో గాని లేదంటే 1, అప్పుడప్పుడూ అంటే 2, తరచూ అంటే 3. మొత్తం 6 గాని, ఆ పైన గాని వస్తే ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లాలి. దీనితోపాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అయిదు ప్రశ్నలు అడగండి. గడిచిన రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, నెమ్మదిగా ఉందా, ఓపికగా తిరిగారా, లేచేసరికి నిద్ర తీరినట్టుందా, రోజులో ఇష్టమైన పని ఏదైనా ఉందా అన్నవి అవి. ఒక్కోదానికి 0 నుంచి 5. వచ్చిన మొత్తాన్ని 4తో హెచ్చవేస్తే నూటికి ఇన్ని అని వస్తుంది. 50, అంతకన్నా తక్కువైతే వైద్యుడి దాకా తీసుకెళ్లే ఆలోచన చేయాలి.

ఎక్కువ మంది తప్పు చేసేది అడిగే తీరులో. కోడలు పక్కనుండగా అడిగితే అన్నీ బాగున్నాయనే చెబుతారు. పింఛను ఇచ్చే సిబ్బందితో అడిగిస్తే పింఛను పోతుందేమోనన్న భయంతో చెబుతారు. "గత రెండు వారాల్లో" అంటే చదువు లేనివాళ్లకు అందదు. "అమావాస్య నుంచి ఈ పున్నమి దాకా" అనండి, టక్కున లెక్క తెలుస్తుంది. "తరచూ", "అప్పుడప్పుడూ" బదులు వారంలో ఎన్ని రోజులని అడిగి, మార్కు మీరే వేసుకోండి.

కాగితంలో అన్నిటికంటే పెద్ద గడి ఒకదానికి వదలండి: "ఇదివరకు వెళ్లే చోటికి ఇప్పుడు ఎందుకు వెళ్లట్లేదు?" అక్కడ "మనసు బాగోలేక" అన్న జవాబు కంటే మోకాళ్లు, చెవులు, కళ్లజోడు, పళ్ల సెట్టు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, రాత్రి వీధిలైటు లేకపోవడం లాంటివే ఎక్కువ కనబడతాయి. నాలుగో ఇంటికి వెళ్లాలంటే దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందోనని ఆలోచించాల్సిన మనిషి నెమ్మదిగా వెళ్లడమే మానేస్తాడు. ధైర్యం చెబితే తీరేవి కావు ఇవి.

చెవిలోజోరీగ:

పై జాబితాలో చెవుల దగ్గర కాసేపు ఆగుతాను, నా పని అదే కాబట్టి.

మతిమరుపు జబ్బు మీద వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024 నివేదిక మనం మార్చగలిగిన 14 కారణాలను లెక్కగట్టింది. వినికిడి లోపం వాటా 7 శాతం, మనుషులకు దూరం కావడం వాటా 5 శాతం. ఆ రెండూ కలిసే నడుస్తాయి. వయసుతో వచ్చే చెవుడులో సన్నని శబ్దాలు ముందు పోతాయి. అచ్చులు వినబడతాయి, స, శ, త, ప, క లాంటివి జారిపోతాయి. అందుకే వాళ్లు "వినపడుతోందయ్యా, ఏమంటున్నావో తెలియట్లేదు" అంటారు. మనం గట్టిగా అరుస్తాం. అరిస్తే అచ్చులే ఇంకా మోగుతాయి, మాట ఇంకా చెడుతుంది. నాలుగుసార్లు "ఆఁ?" అన్నాక ఎదుటివాళ్లు "ఏం లేదులే" అనేస్తారు. కొన్నాళ్లకు ఆయన కూడా అడగడం మానేస్తాడు.

మీ కుర్రాళ్లు చేయగల పరీక్ష ఒకటుంది. కుర్చీలో కూర్చోబెట్టి, పెదాలు కనబడకుండా వెనక చేయి చాపు దూరంలో నిలబడండి. పరీక్షించని రెండో చెవి రంధ్రం ముందుండే మెత్తని ముడిని వేలితో నొక్కి రుద్దుతూ ఉండమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలేసి, గుసగుసగా మూడు అంకెలో అక్షరాలో కలిపి చెప్పండి, "నాలుగు, క, ఎనిమిది" అన్నట్టు. తప్పితే వేరే మూడు చెప్పండి. ఆరింట్లో మూడు కూడా చెప్పలేకపోతే ఆ చెవికి పరీక్ష అవసరం.

అంతకంటే ముందు గులిమి చూపించాలి. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె వద్దు. చీము కారే చెవిలో, కర్ణభేరికి చిల్లు ఉందన్న చెవిలో చుక్కలు కూడా వేయకూడదు. అవేమీ లేకపోతే గులిమిని మెత్తబరిచే చుక్కలు నాలుగైదు రోజులు వేసి, ఆసుపత్రిలో తీయించాలి.

వినికిడి మిషన్ కొన్నాక అది బీరువాలోకి ఎందుకు చేరుతుందో కూడా చెప్పాలి. చెవిలో దూర్చే ముక్క (మౌల్డ్) వదులైతే కూత పెడుతుంది. జింకు బ్యాటరీకి ఉన్న రంగు కాగితం పీకిన వెంటనే లోపల పెడితే బలంగా పనిచేయదు, ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనివ్వాలి. కాగితం ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది, కాబట్టి "మిగుల్చుదాం" అనుకుని తీసి పెట్టడం దండగ. సైజులు రంగును బట్టి గుర్తుంచుకోండి: 13 నారింజ, 312 గోధుమ, 675 నీలం. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. మొదటి వారం ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నచోట రోజుకు గంటా రెండు గంటలు చాలు. మొదటి రోజే పెళ్లికి పెట్టుకుని వెళ్లినవాళ్లు మళ్లీ దాని జోలికి పోరు.

కొనలేనివాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న లేదా నెలకు 15,000 దాటని ఆదాయమున్న పెద్దలకు వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, పళ్ల సెట్లు, చేతికర్రలు ఉచితం. ముందు పరీక్షా శిబిరం, తర్వాత పంపిణీ శిబిరం జరుగుతాయి. మొదటిదానికి వెళ్లకపోతే రెండోదానిలో పేరుండదు.

ఇక మీ హాలు. నున్నటి టైల్సు, రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, పైన టీవీ. చెవి మందగించిన మనిషికి అంతకంటే కష్టమైన చోటు నేను చెప్పలేను.

మందుచీటీ:

రెండో ప్రశ్నకు వస్తాను. బెంగకు, జబ్బుకు తేడా ఏమిటి?

బెంగపడే మనిషి పిల్లల ఫోనొస్తే కాసేపు వికసిస్తాడు, మనవడి సంగతి చెప్పి నవ్వుతాడు. దిగులు జబ్బులో (డిప్రెషన్) ఆ కాసేపు కూడా ఉండదు. మన దగ్గర పెద్దవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. గుండెదడ, గ్యాసు, ఒళ్లంతా మంటలు, తల దిమ్ము అంటారు. కారణం దొరకని నొప్పులతో ఆసుపత్రులు మారుస్తుంటే, బరువు తగ్గుతుంటే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకుండా రెండు వారాలు దాటితే అనుమానించాలి. అవును, కాదు అని జవాబిచ్చే 15 ప్రశ్నల వృద్ధుల కొలత ఒకటుంది. 5, ఆ పైన వస్తే వైద్యుడికి చూపించాలి. నిద్ర, నొప్పులు వయసు వల్ల కూడా వస్తాయి కాబట్టి ఆ ప్రశ్నల్లో వాటిని పెద్దగా కలపలేదు. 2017-18లో వయసు మళ్లుతున్నవాళ్ల మీద దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో అరవై దాటినవాళ్లలో ఈ జబ్బు లక్షణాలున్నవారు 8.3 శాతం, జబ్బని ఎవరైనా చెప్పగా తెలిసినవారు 0.8 శాతం. మీ ఊళ్లోనూ తెలిసినవాళ్ల కంటే తెలియనివాళ్లే చాలా ఎక్కువ మంది ఉంటారు.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లేముందే కొన్ని రక్తపరీక్షలు చేయించండి: థైరాయిడ్, హిమోగ్లోబిన్, సోడియం, సుగరు, బి12. ఏళ్ల తరబడి సుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 పడిపోతుంది. అది నీరసంగా, మతిమరుపుగా, తిమ్మిర్లుగా బయటపడుతుంది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి తికమకపడిపోతే అది దిగులూ కాదు, మతిమరుపు జబ్బూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో అయి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందుల విషయంలో రెండు చోట్ల దెబ్బతింటారు. దిగులు మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పెద్దవాళ్లలో పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం మాత్రం మొదటి రోజుల్లోనే వస్తుంది. మేలు కనబడకముందే బాధ కనబడేసరికి అయిదో రోజున మానేస్తారు. ఇది ముందే చెప్పి ఉంచాలి. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లలో ఈ మందులతో సోడియం తగ్గొచ్చు, మొదటి కొన్ని వారాల్లో ఒకసారి చూపించాలి. రెండోది నిద్రమాత్ర. ఆల్ప్రజోలాం చీటీ లేకుండా దొరుకుతోందని ఏళ్లు వేసుకుంటారు. రాత్రి బాత్రూముకి లేచి తూలి పడి తుంటి విరగడానికి అదీ ఒక కారణం. అలాగని ఒక్కసారిగా ఆపించకండి, ప్రమాదం. వైద్యుడు కొద్దికొద్దిగా తగ్గించాలి.

నిద్ర గురించి ఒక లెక్క. రాత్రి 8కి పడుకుని 3కి లేచిన మనిషి 7 గంటలు నిద్రపోయినట్టే. అది నిద్రలేమి కాదు, త్వరగా పడుకోవడం.

గ్లూకోజు సంగతి: 500 మి.లీ. 5 శాతం సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అయినా వాళ్లకు హాయిగా ఎందుకుంటుందంటే, ఆ గంటసేపు ఒక మనిషి చేయి పట్టుకుని నాడి చూసి "ఎలా ఉంది పెద్దమ్మా" అంటాడు. ఆర్‌ఎంపీని తిట్టేముందు అది చూడండి.

మీ కుర్రాళ్లకు ఒక్క విషయం తప్పకుండా నేర్పండి. ఎవరైనా "బతికి ఏం లాభం" అంటే మాట మార్చొద్దు. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రల డబ్బాలు పక్కింట్లో తాళం వేసి పెట్టించండి. మానసిక సహాయానికున్న ప్రభుత్వ ఫోను నంబరు టెలి మానస్ 14416కి అక్కడినుంచే చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. ప్రాణాపాయం అనిపిస్తే 108.

లెక్కలమాస్టారు:

అంతా చదివాను. పెద్దవాళ్ల చేతికి ఫారాలిచ్చి మార్కులు వేస్తారా? ఊళ్లో "ఫలానా ఆయనకు మనోవ్యాధట" అని తేలితే ఉన్న నలుగురు కూడా దూరమవుతారు. ప్రవచనం పెట్టించండి, భజన పెట్టించండి. మన వాళ్లకు అదే మందు.

సాలోచన:

మాస్టారూ, భజన విషయంలో మీతోనే ఉన్నాను. భజనలో ఒక రోజు, ఒక వేళ ఉంటుంది, తాళం వేయడమో పాట ఎత్తుకోవడమో ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది, రాకపోతే లోటు తెలుస్తుంది. ప్రవచనంలో రెండు గంటలు నోరు మెదపకుండా కూర్చుని లేచి వస్తారు. పక్కన కూర్చున్నది ఎవరో కూడా తెలియదు.

ముద్ర పడే భయం నిజమే. అందుకే కాగితం మీద పేరు వద్దు, అంకె వేయండి. అంకెకు, పేరుకు జత కలిపే పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. "సర్వే" అనకండి, బాగోగులు అడగడానికొచ్చామనండి. అది అబద్ధమూ కాదు.

శిక్షణ లేనివాళ్లు ఏం చేయగలరన్న దానికి గోవాలో జరిగిన పరిశోధన మంచి జవాబు. అరవై దాటి, దిగులు లక్షణాలు కొంచెం ఉండి ఇంకా జబ్బుగా ముదరని 181 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు వైద్యం, కొందరి దగ్గరికి కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాదిలో జబ్బు ముదిరినవారు మొదటి గుంపులో 14.44 శాతం, రెండో గుంపులో 4.40 శాతం. వాళ్లు చేసింది గొప్ప మానసిక చికిత్సేమీ కాదు. ఒక చిక్కును విప్పుకోవడం నేర్పారు, నిద్ర వేళలు సరిచేశారు, సుగరు చూసుకోవడం చెప్పారు, రావలసిన ప్రభుత్వ పథకాలు ఇప్పించారు.

చిక్కు విప్పడం ఎలాగంటే: "నా బతుకింతే" అన్నదాన్ని ముక్కలు చేయాలి. ఈ వారం అన్నిటికంటే సతాయిస్తున్నది ఒకటి చెప్పమనాలి. రిటైరైన మాస్టారికి అది నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకి వెళ్లలేకపోవడం కావచ్చు. మూడు నాలుగు దారులు ఆయన చేతే చెప్పించాలి: ఆటో, పోస్ట్‌మ్యాన్, ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్. ఒకటి ఆయనే ఎంచుకోవాలి, ఏ రోజు చేస్తారో ఆయనే చెప్పాలి. వచ్చే వారం వెళ్లి ఏమైందో అడగాలి. మీ కుర్రాడు ఫోను లాక్కుని రెండు నిమిషాల్లో చేసి పెడితే సర్టిఫికెట్ వస్తుంది గాని, "నేను చేసుకోగలను" అన్నది రాదు. ఇక్కడే ఉత్సాహవంతులైన వాలంటీర్లు పని పాడుచేస్తారు.

తులసికోట:

ఇంతమంది మాట్లాడారు, ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. హాలు కడితే వచ్చేది మగవాళ్లే, అది ఇంకో రచ్చబండ అవుతుంది. ఒంటరి ఇళ్లలో ఎక్కువగా మిగిలేది భర్త పోయిన ఆడవాళ్లు. పేరంటానికి పిలవరు, శుభకార్యంలో ముందుకు రావొద్దంటారు. నలుగురిని కలిసే దారులన్నీ ఒక్క రోజులో మూసేసి, తర్వాత "ఆవిడ ఎవరితోనూ కలవదు" అంటారు.

వాళ్లకు మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా వీలు. భోజనాలు అయిపోతాయి, పాలు పితికే వేళ కాలేదు. చోటు ఎవరి వీధి రామాలయమూ కాకూడదు, అలా అయితే మిగతా వీధుల వాళ్లు గడప తొక్కరు. లైబ్రరీయో, సెలవు రోజుల్లో బడి వరండానో మేలు. నడిచి అయిదు నిమిషాల్లో చేరాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు, ఎక్కువైతే ఇద్దరే మాట్లాడతారు. డబ్బు ఇక్కడ పెట్టండి: పట్టుకుని లేవడానికి చేతులున్న, నేలనుంచి 18 అంగుళాల ఎత్తు కుర్చీలు, కుర్చీలా కూర్చునే వెస్టర్న్ మరుగుదొడ్డి, గోడకు పట్టుకునే కడ్డీ, మెట్ల అంచులకు తెల్ల రంగు, దారిలో రెండు లైట్లు.

భోజనం మొదట్లోనే పెట్టకండి. ఎవరు వండారు, ఎవరు తింటారన్న గొడవతో నెలలోపే మూతబడుతుంది. టీ, బిస్కెట్లు చాలు. వచ్చినవాళ్లను అతిథుల్లా కూర్చోబెట్టకండి, పని చెప్పండి. అంగన్‌వాడీ పిల్లలకు కథలు, పచ్చళ్ల కొలతలు కొత్త కోడళ్లకు రాయించడం, పేపరు చదివి వినిపించడం, ఏదో ఒకటి. ఎవరైనా రాకపోతే ఆ సాయంత్రమే ఒకరు వాళ్లింటికి వెళ్లాలి, ఫోను కాదు.

కెమెరా పిల్లల మనశ్శాంతికి, తల్లికి కాదు. పెట్టాలనుకుంటే ఆవిడ ఒప్పుకోవాలి, పడకగదిలో వద్దు. దానికంటే వేళ తప్పని ఫోను మేలు. ఇక్కడ పొద్దున్న ఆరున్నర అంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 8, చలికాలం గడియారం మారాక 7. వారంలో రెండు రోజులు, పది నిమిషాలు, తప్పకుండా. "మాత్రలేసుకున్నావా, తిన్నావా" అని హాజరు వేసినట్టు కాకుండా ఆవిణ్ణి ఏదో ఒకటి అడగాలి. గోంగూర ఎంతసేపు మగ్గాలి, ఫలానా వాళ్లతో మనకు చుట్టరికం ఎటునుంచి, చవితి ఏ రోజు చేసుకోవాలి.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. హాలు ఫైలు పక్కన పెట్టించాను, కమిటీలో ఇద్దరికి కోపం వచ్చింది, అది నేను చూసుకుంటాను. ఇంకో రెండు. పొలం రాయించుకుని తిండి పెట్టని కొడుకులు ఒకరిద్దరున్నారు, అక్కడ మేం ఏం చేయగలం? మేం చేసిన దానివల్ల మార్పు వచ్చిందో లేదో ఎప్పుడు కొలవాలి?

సాలోచన:

మొదటిదానిలో మీరు పంచాయితీ పెట్టకండి, ఆ రాత్రి ఆ తల్లి మళ్లీ ఆ ఇంట్లోనే పడుకోవాలి. ముందు ఆవిడకు ఏం కావాలో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. చాలామందికి కేసు వద్దు, రోజూ రెండు పూటలా అన్నం కావాలి. 14567 పెద్దల సహాయ నంబరుకు చేస్తే దారి చెబుతారు. కావాలంటే తల్లిదండ్రుల, పెద్దవాళ్ల పోషణకున్న 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కు అర్జీ ఇవ్వొచ్చు, నెలకు 10,000 దాకా భృతి వేయొచ్చు. పోషించాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని అదే చట్టం సెక్షన్ 23 కింద రద్దు చేయించొచ్చు. ఇంకా రాయనివాళ్లుంటే, ఆ షరతు దస్తావేజులోనే రాయించమని ఇప్పుడే చెప్పండి.

కొలత మూడు నెలలకోసారి చాలు. అవే అయిదు ప్రశ్నలు, అడిగే మనిషి కూడా వీలైతే అదే. నూటికి 10 మార్కులు అటో ఇటో కదిలితే దాన్ని మార్పుగా తీసుకోండి, రెండు మూడు మార్కులకు సంబరపడొద్దు. మొదటి కొలత సంక్రాంతికి ముందు వారంలోనూ తీయకండి, పిల్లలు తిరిగి వెళ్లిపోయిన వారంలోనూ తీయకండి. మాఘంలో మొదలుపెట్టి, వైశాఖంలో రెండోది తీయండి. అప్పుడు వేసవి సెలవులకు మనవలు దిగిన ఇళ్లను కాగితం మీద విడిగా గుర్తుపెట్టుకోండి.